మావి చుట్టిన రుమాలు

దూడను కుక్కల పాలు చేసింది అమృతమ్మే. ఆ ఇంట్లో ఆరేళ్లుగా అది తేలిపోయిన మాట.

బర్రె ఈనిన మర్నాడు ఉదయం ఆమె బావికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఊరకుక్కలు తడకను నెట్టుకుని కొట్టంలో దూరి, పెయ్యదూడను చీల్చేశాయి. తడక సరిగ్గా కట్టలేదంది అత్త తిమ్మమ్మ. మొగుడు చెన్నయ్య కాదనలేదు. దూడ లేక బర్రె పాలు చేపలేదు. పెబ్బేరు సంతకు తోలేశారు. ఎవరు మజ్జిగకు వచ్చినా, "మా కోడల్నడుగుండ్రి, కుక్కలకు పెట్టంగ మిగిలితే పోస్తది," అనేది తిమ్మమ్మ.

అమృతమ్మ ఎదురు చెప్పలేదు. రోజూ పొద్దు వాలకముందే తుమ్మకంప ఈడ్చుకొచ్చి కొట్టం చుట్టూ వేసేది. మళ్లీ ఒక్క మేకపిల్ల కూడా కుక్కల నోట పడలేదు. ఆమె అరచేతుల్లో ముల్లు దిగని చోటు లేదు... ఎవరు చూశారు!

ఆరో ఏటి వానాకాలం ఆమెకు జ్వరం పట్టి పదిరోజులైనా దిగలేదు. నుదుటిపై తడిగుడ్డ వేద్దామని తిమ్మమ్మ కోడలి పెట్టె తెరిచింది. అడుగున చెన్నయ్య తలరుమాలు, ఉతికి మడతపెట్టి ఉంది. ఎంత ఉతికినా పోని నల్లటి మరక.

తిమ్మమ్మకు గుర్తొచ్చింది. దూడ వెనకే బర్రె వేసిన మావిని, ఆ మాయను, కుక్కలకు అందకుండా వాగుకాడి మేడిచెట్టుకు కట్టి రమ్మంటే, కొడుకు ఈ రుమాల్లోనే చుట్టుకుపోయాడు. కట్టి వచ్చానన్నాడు.

"ఇది నీకేడ దొరికింది, పిల్లా?"

"కొట్టం ఎనక పెంటగుంతల, అత్తా. దూడ పోయిన్నాడే. కుక్కలు తోడినయ్."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

అమృతమ్మ గడపలో నిలబడ్డ మొగుడి వైపు చూసింది. "ఆయనే చెప్తడనుకున్న..."

చెన్నయ్య తల వంచుకున్నాడు. "వాగుదాంక పోబుద్ధి గాలే, అమ్మా. గుంతల పూడ్చిన. ఆ వాసనకే వచ్చినయ్."

తిమ్మమ్మ కోడలి అరచేతులు విప్పి చూసింది. చాలాసేపు చూసింది. "ఆరేండ్లు... నా నోట్ల మన్ను వడ," అని ఆ చేతులు కళ్లకద్దుకుని ఏడ్చింది.

అమృతమ్మ కళ్లు మూసుకుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. "ఇయ్యాల కంప ఎవరన్న వేసిండ్రా?" అని మాత్రం అడిగింది.

చెన్నయ్య వెళ్లి వేశాడు. మూడోనాడు ఆమె పోయింది.

దినాలనాడు ఆమె అన్న బాలన్న పదిమందిలో అడిగాడు, తన చెల్లెలి మీద పడ్డ నింద సంగతి ఏమిటని.

"తప్పు నాది. ఇగో, అందరి ముందట చెప్పిన," అన్నాడు చెన్నయ్య. "ఇంక ఆ ముచ్చట నన్నడగకుండ్రి."

లేచి కంప ఈడ్చడానికి వెళ్లాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.