డేటాబేస్‌లో మొదటి వరుస

"ఆ ఫ్యాన్ మీవైపు తిప్పకండి. సర్వర్‌కి గాలి తగలాలి," అంది సర్వర్ పెట్టడానికి వచ్చిన అమ్మాయి.

"పొద్దున్నుంచి నేను చెమటలు కక్కుతుంటే కనబడలేదు గానీ, దానికి ఉక్కపోస్తోందా?" అన్నాడు లైబ్రేరియన్.

ఈ గది ఇవ్వడానికి అతను వారమంతా పేచీ పెట్టాడు. పాత పత్రికలు ఎక్కడ పెట్టుకోవాలని గొడవ. చివరికి ఆ కట్టలన్నీ తనే మోసుకుపోయాడు. అప్పట్నుంచి అతన్ని చూస్తే ఆమెకి కోపం రావాల్సిన చోట నవ్వొస్తోంది.

ఇవాళ మాత్రం నవ్వే తీరిక లేదు. ఆమె ఒంటరిగా చేస్తున్న మొదటి పని ఇది. సాయంత్రంలోగా డేటాబేస్ నడవకపోతే సీనియర్‌ని పంపిస్తానన్నాడు కంపెనీ నడిపే అన్నయ్య. అప్పుడు తను మళ్ళీ ఆఫీసులో ఫోన్లెత్తుకుంటూ కూర్చోవాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయింది. డేటాబేస్‌ని ఇనిషియలైజ్ చేసింది, అంటే పుస్తకాల వివరాలు కాపురం ఉండబోయే ఇంటికి పునాది వేసింది. దాన్ని నడిపే సర్వీస్ కూడా మొండికెయ్యకుండా లేచింది. అందులో వివరాలు వరుసలుగా పడే ఒక టేబుల్ తయారుచేసి, కుర్చీ అతని వైపు జరిపింది.

"టెస్టింగ్‌కి తెలుగులో ఏదైనా కొట్టండి."

అతను ఆమెని ఓసారి చూశాడు. గబగబా ఏదో కొట్టి ఎంటర్ నొక్కాడు. తెర మీద అన్నీ ప్రశ్నార్థకాలే!

"అయ్యయ్యో, ఇంత కష్టపడి రాస్తే ఇలా చేసిందేంటండీ?"

ఆమె తను కొట్టిన కమాండ్‌ని మళ్ళీ చూసుకుంది. పునాది వేసేటప్పుడు అక్షరాల సెట్టింగ్ తెలుగుని కూడా పట్టే యూటీఎఫ్-8 అని చెప్పడం మరిచిపోయింది. తప్పు తనదే. అన్నయ్యకి ఫోన్ చేసి అదే చెప్పింది.

"ఆ ఒక్క టేబుల్‌కి సెట్టింగ్ మార్చేసి వచ్చెయ్యవే," అన్నాడు అన్నయ్య.

"రేపు ఇంకో టేబుల్ పెడితే మళ్ళీ ఇదే గోల. మొత్తం తీసేసి మొదట్నుంచి చేస్తా."

"టైమ్ చూసుకున్నావా?"

"నువ్వొచ్చి చూసుకో," అని ఫోన్ పెట్టేసింది.

"మరి నేను రాసింది?" అన్నాడు లైబ్రేరియన్.

"పోయింది. మళ్ళీ రాయాల్సిందే. ఇంతకీ ఏం రాశారు?"

"మళ్ళీ రాయాలంటే ధైర్యం కూడగట్టుకోవాలి."

ఆమె చెవులు వేడెక్కాయి. అయినా తల తిప్పలేదు. సర్వీస్ ఆపి, డేటా ఫోల్డర్ ఖాళీ చేసి, ఈసారి ప్రతి అక్షరం చదువుకుంటూ కమాండ్ కొట్టింది. బయట వాన మొదలైంది. అతను లేచి కిటికీ మూశాడు, ఫ్యాన్ మాత్రం ముట్టుకోలేదు.

సర్వీస్ లేచింది. టేబుల్ తయారైంది. ఆమె కుర్చీ మళ్ళీ అతని వైపు జరిపింది. అతను ఈసారి నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసి కొట్టాడు. ఆమె చదివి పెదవి కొరుక్కుంది. అంతలో తడిసిన హెల్మెట్‌తో అన్నయ్య రానే వచ్చాడు. తెర మీదికి వంగి పైకే చదివాడు.

"పని అయిపోయినా మీరు రోజూ రావాలని ఉంది."

లైబ్రేరియన్ పైకప్పు వైపు చూడసాగాడు.

"అక్షరాలు చక్కగా వచ్చాయి. పని బాగా చేశావే," అన్నాడు అన్నయ్య. "ఇంక ఆ టెస్ట్ డేటా తీసెయ్."

"అది టెస్ట్ డేటా కాదన్నయ్యా," అంది ఆమె.

అన్నయ్య చెల్లెల్ని చూశాడు, తర్వాత లైబ్రేరియన్ని చూశాడు.

"ఏమయ్యా, ఆదివారం మా ఇంటికి రా. ఇదే మాట మా అమ్మతో చెప్పు. కాస్త గట్టిగా చెప్పు, ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు."