పర్చూరు ట్రాక్ మీద రెడ్ కార్పెట్

"రూల్స్ లేని రేసట," అన్నాడు చీఫ్ అనంతపద్మనాభం, తాడేపల్లి ఫ్లాట్‌లో కర్టెన్ లాగుతూ. "రెక్కలు, జెట్లు, ఫ్యాన్లు, ఏదైనా బిగించొచ్చు. చెకింగ్ ఉండదు."

"చెకింగ్ లేకపోతే లోపల ఏముందో ఎవరికీ తెలీదు సార్," అన్నాడు ఏజెంట్ ప్రద్యుమ్న.

"అదే ఆయుధాల వ్యాపారి క్రోల్ కిటుకు. పర్చూరు దగ్గర పొలాలు లీజుకి తీసుకుని ట్రాక్ వేశాడు. ఎల్లుండి అతను పరిగెత్తించేది కారు కాదు, నేలబారున పోయే మిస్సైల్. రిమోట్ అతని చేతిలో. కొనడానికి నాలుగు దేశాల వాళ్లు దిగారు. ఆ వేగంలో మనిషి ఏమవుతాడో చూపించడానికి లోపల భానుశ్రీని కూర్చోబెడుతున్నాడు."

"కార్టింగ్ ఛాంపియన్ భానుశ్రీ? చీరాల చేనేత వాళ్లమ్మాయి?"

"ఆమే. స్టీరింగ్ తన చేతిలోనే ఉందనుకుంటోంది. తిన్నగా పోయే లాంగ్ స్ట్రెయిట్ చివర ఆ వేగంలో మలుపు తిరిగితే ఆమె బతకదు. ముందే రెయిడ్ చేస్తే రిమోట్ నొక్కి కారుని పేల్చేస్తాడు. కారు దానంతటదే ఆగాలి. అప్పుడే కమాండోలు వస్తారు. కారు ఆగాక అతను పేల్చకుండా, ఇదిగో, రిమోట్‌ని అడ్డుకునే జామర్ పెన్ను. అక్కడ క్రోల్ దగ్గర పనిచేస్తున్న రాగసుధ మన మనిషే."

మర్నాడు ప్రద్యుమ్న ఆయుధాల బ్రోకర్ వేషంలో, ఒంటినిండా సెంటు కొట్టుకుని ట్రాక్ మీద దిగాడు. ఒక కారుకి ఆరు చక్రాలు, ఇంకోదానికి విమానం ఇంజిన్, మూడోది ఎటు ముందో ఎటు వెనకో తెలియదు. "రూల్స్ తీసేస్తే మేధస్సు రెక్కలు విప్పుతుంది," అన్నాడు క్రోల్, అద్దంలో తనని తాను చూసుకుంటూ. విప్పింది కొవ్వేనని ప్రద్యుమ్నకి అనిపించింది. అయినా చప్పట్లు కొట్టాడు. ఉద్యోగం అలాంటిది.

క్రోల్ కారు కింద రెండు భారీ ఫ్యాన్లున్నాయి. కింద గాలిని పీల్చేసి కారుని రోడ్డుకి అతికించేస్తాయి. ఆ పీల్చిన గాలే జెట్‌లోకి పోతుంది. అది చూశాక ప్రద్యుమ్న నేరుగా వెనక గేటు వాచ్‌మన్ జాన్ బాషా దగ్గరికెళ్లి, తన అసలు గుర్తింపు కార్డు చూపించాడు.

"కోతల టైమ్‌లో ఇంత నున్నటి రోడ్డు ఖాళీగా ఉందేంటి బాషా?"

"రైతులు నా ప్రాణం తీస్తన్నారు సార్, కాయలు ఆరబోసుకుంటామని. ఈ దొరలేమో ఒప్పుకోరు."

"రేపు పొద్దున్నే గేటు తియ్. స్ట్రెయిట్ మీదే పొయ్యమను. మలుపులో ఒక్క కాయ కూడా ఉండకూడదు, జారితే కార్లో పిల్ల పోద్ది. పోసిన వెంటనే అందరూ బయటికెళ్లిపోవాలి."

"ఆ మాట ముందే చెప్పొద్దా సార్!" అన్నాడు బాషా, తాళాలు తడుముకుంటూ.

రేసు మొదలైంది. స్ట్రెయిట్ చివర వీఐపీ గ్యాలరీలో మంగళగిరి చీర, నల్ల కళ్లద్దాలతో రాగసుధ ప్రద్యుమ్న పక్కకొచ్చింది. "జరీ ఎక్కువైందా?" అంది. కోడ్ వర్డ్.

"పెళ్లి మనది కాదుగా," అన్నాడు ప్రద్యుమ్న.

ఆమె నవ్వుతూ అతని జేబులోంచి జామర్ పెన్ను లాగేసింది. పైట చాటునుంచి పిస్టల్ అతని డొక్కలో గుచ్చుకుంది. "సారీ. వీళ్ల ఆఫర్ బాగుంది."

అంతలో స్పీకర్లో భానుశ్రీ కేక వినిపించింది. "సుధక్కా! స్టీరింగ్ తిరగట్లేదు! బ్రేకు పడట్లేదక్కా!"

గ్యాలరీలోనే ఉన్న క్రోల్ వాల్యూమ్ తగ్గించాడు, అంతే. కారు స్ట్రెయిట్ వైపు తిరిగింది. స్క్రీన్ మీద రోడ్డంతా ఎర్రగా కనిపించింది. క్రోల్ బొటనవేలు రిమోట్ మీద ఆగింది.

"రాగసుధా, ఏమిటది?"

ఆమె కూడా చీరాల పిల్లే. అదేమిటో ఆమెకి తెలియక కాదు. ప్రద్యుమ్న డొక్కలోంచి పిస్టల్ మెల్లగా వెనక్కి జరిగింది.

"రెడ్ కార్పెట్ సార్," అంది రాగసుధ. "మీ స్థాయికి తగ్గట్టు."

క్రోల్ మొహం వెలిగిపోయింది. "గుడ్ టచ్!" అని స్పీడ్ పెంచాడు.

ఫ్యాన్లు మిరపకాయల్ని కల్లాలకి కల్లాలు మింగేశాయి. జెట్ ఒకసారి తుమ్మింది, రెండోసారి చచ్చింది. కారు ఎర్రటి దుమ్ములో జారుకుంటూ వచ్చి, మలుపుకి బారెడు దూరంలో గ్యాలరీ ముందు ఆగింది. వెనకే కారం మేఘం గ్యాలరీ మీద పడింది. నాలుగు దేశాల పెద్దమనుషులు కుర్చీల కింద దూరారు. రిమోట్ ఎప్పుడు జారిపోయిందో క్రోల్‌కే తెలియలేదు. రాగసుధ దాన్ని కాలితో ప్రద్యుమ్న వైపు తోసింది. కమాండోలు మాస్కులతో లోపలికొచ్చారు.

ప్రద్యుమ్న పరిగెత్తి కారు డోర్ లాగాడు. "బతికే ఉన్నానా అన్నా?" అంది భానుశ్రీ.

"ఉన్నావు తల్లీ. హెల్మెట్ మాత్రం ఇప్పుడే తియ్యకు."

బేడీలతో, బుడగల్లా ఉబ్బిన కళ్లతో క్రోల్ గగ్గోలు పెట్టాడు. "ట్రాక్ మీద మిరపకాయలా! ఇది రూల్స్‌కి విరుద్ధం!"

ప్రద్యుమ్న అతనికి మజ్జిగ గ్లాసు అందించాడు. "ఏ రూల్స్ సార్?"