ఆరో వరుస

“నవ్వులాటనా నీకు? దారిల రజాకార్లు ఎదురైతే నా పానం పొయ్యేది!”

వానలో నిలువెల్లా తడిసి, పెరటి దడి దగ్గర నిలబడి కసిరాడు ఎల్లేశం. అండాలు గొర్రెపిల్లకు ఆకు మేపుతూ తలెత్తలేదు.

“అర్రర్ర, లెక్కల పంతులుకు కోపమొచ్చింది!”

పట్నంలో చదువు మధ్యలో వదిలేసి దళంలో చేరినవాడు ఎల్లేశం. దళం దాగిన గుట్టకు ఎదురుగా, ఊరి చివర ఉంటుంది అండాలు వాళ్లిల్లు. దండెం మీద నల్ల గొంగడి, తెల్ల ధోవతి, ఎర్ర చీర ఏ వరుసలో ఆరేస్తే ఏ కబురో ఆమెకు నేర్పింది అతనే.

“మొదటి జాగాల మూడిట్ల ఏదన్న ఎయ్యొచ్చు. రెండో జాగాకు రెండే మిగులుతయ్. ఆఖరుకు ఒక్కటే. మూడు రెండ్లు ఆరు” అని వివరించాడు.

రజాకార్లు వచ్చారు, పోయారు, అన్నం సిద్ధం... ఇట్లా ఐదు వరుసలకు ఐదు కబుర్లు. ఆరోదానికి ఏ అర్థమూ పెట్టలేదు.

ఈ పొద్దున దండెం మీద కనబడింది ఆ ఆరోదే!

అప్పట్నుంచి అతనికి కాలు ఒకచోట నిలవలేదు. పొరపాటా? చూడకుండా ఆరేస్తే ఆ వరుస పడే అవకాశం ఆరింట ఒకటి. కానీ అండాలు చూడకుండా ఆరేసే మనిషి కాదు. మరి ఆపదా? దళనాయకుడు గుర్వయ్య వద్దన్నా వినకుండా, వాన చాటున గుట్ట దిగాడు.

“చెప్పు, ఎందుకేసినవ్?”

“మా బాపు నాకు సంబంధం చూస్తాండు. నీ ఐదు కబుర్లల్ల అది ఏడుంది?”

ఆమె కళ్లు అప్పుడు పైకి లేచాయి. వానకో, మరి దేనికో తడిసి ఉన్నాయి.

“గా సంబంధం... నీకిష్టమేనా?”

“ఇష్టమైతే నిన్నెందుకు పిలుస్త? గన్ని లెక్కలొస్తయ్, గీ ముచ్చట తెల్వదా?”

“అండాలూ, నేను బతికి బట్టకడతనో లేదో నాకే తెల్వదు.”

“గది నేనడిగిన్నా? వస్తవా, రావా?”

“వస్త. పట్టపగలు, మీ బాపు ముందటికే వస్త.”

వినాయక చవితి దాటాక యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పరారయ్యారు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, గుర్వయ్యను వెంటబెట్టుకుని ఎల్లేశం వాకిట్లో నిలబడ్డాడు. అండాలు తండ్రి ఐలేశం గొర్రెకు ఉన్ని కత్తిరిస్తూ అతన్ని ఎగాదిగా చూశాడు.

“రెండు సంబంధాలు తిరగ్గొట్టింది నా బిడ్డ. నీ కోసమేనా?”

“అవు మామా.”

“నాదేముంది పిలగా, దాన్నే అడుగు.”

అడగకముందే లోపలి నుంచి జవాబొచ్చింది.

“జరసేపు నిలబడుమను బాపూ! ఇన్నొద్దులు నన్ను పరేషాన్ చేసిండు!”

ఐలేశం పెదవి బిగపట్టి నవ్వాపుకున్నాడు. గొర్రెను వదిలేసి, గోడకు ఆనించిన మంచం వాల్చాడు.

“కూసో అల్లుడా. అది ఇప్పట్ల బయటికి రాదు.”