వేసవి బడి మొదటి ప్రకటన

"సార్, జర మీ లెక్కలు ఆపుండ్రి. ఇది నా ఇంగ్లీష్ టైం."

"ఎనిమిదింటికి లెక్కలని నాకు చెప్పిండ్రు టీచర్."

"నాకు గూడ ఎనిమిదే చెప్పిండ్రు."

ఒకే బోర్డు ముందు ఇద్దరూ చాక్‌పీసులు పట్టుకుని నిలబడ్డారు. ముప్పై మంది పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. లిల్లీ బోర్డు నడుమ పైనుంచి కిందికి ఒక గీత గీసింది.

"ఇటు నాది, అటు మీది. గీత దాటితే ఊకోను."

"నా లెక్కలు మస్తు బుద్ధిమంతులు టీచర్. మీ ఇంగ్లీషునే జర చూసుకోండ్రి," అన్నాడు ఎబినేజర్.

హాలు చివర, నీళ్ల కుండ పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్న ఎలిశిబా వేలికి సూది గుచ్చుకుంది. ఆమె లిల్లీ తల్లి. పోయినేడు సకల జనుల సమ్మెకు బడులు నెలకు పైగా మూతబడి పిల్లల చదువు వెనకబడిందని, మెదక్‌లో వాళ్ల వాడ చర్చి హాల్లో ఈ ఎండాకాలం ఉచితంగా బడి పెట్టారు. లిల్లీ చెప్తానంటే ఎలిశిబా ఒప్పుకుంది, తానూ వెంట వస్తానన్న షరతు మీద. హాలు ఇంటికి నాలుగు అడుగులే. అయినా ఆ నాలుగు అడుగుల్లో ఏం కాకూడదని ఉంది? కుక్క కరవవచ్చు. కరెంటు తీగ తెగి పడవచ్చు. ఎవడో ఒక మగపిల్లవాడు నవ్వవచ్చు. భర్త పోయాక ఆమెకు మిగిలింది లిల్లీ ఒక్కతే.

వారం తిరిగేసరికి బోర్డు మీది గీత కదలసాగింది. ఒకనాడు భిన్నాలు జానెడు ఇవతలికి వచ్చాయి. మరునాడు లిల్లీ గీసిన ఏనుగు తొండం అవతలికి పోయింది.

"టీచర్, మీ ఏనుగు నా మూడో ఎక్కం మీద కూసున్నది."

"బరువైతే చెప్పుండ్రి, లేపుత."

"వద్దు, కూసోనీయుండ్రి. మూడో ఎక్కానికి గూడ తోడు గావాలె గద."

పిల్లలు గొల్లుమన్నారు. అకాల వాన పడ్డ రోజు ఎబినేజర్ లిల్లీకి గొడుగు అందించబోతే, ఎలిశిబా నడుమనే అందుకుని తానే పట్టుకుంది. అతడు తడుస్తూ, నవ్వుతూ పోయాడు. రెండు వారాలకు బోర్డు మీద గీతే లేదు. ఆ సంగతి అందరికన్నా ముందు చూసింది ఎలిశిబానే.

అదే రోజు పక్కింటి దుర్గమ్మ వచ్చి చల్లగా చెప్పింది. "పోయినేడు సమ్మెల ఆ లెక్కల సారు చేగుంట కాడ రాస్తారోకోల దొరికిండు వదినా. ఠాణాల పేరు రాసుకున్నరంట."

ఇంకేముంది, ఎలిశిబా కళ్ల ముందు కోర్టు మెట్లు, వాయిదాలు, జైలు గేటు ముందు టిఫిన్ డబ్బాతో లిల్లీ, అన్నీ వరసకట్టి నిలబడ్డాయి.

"ఆ పిల్లగాడు నీకేమన్న చెప్పిండా?" అని కూతుర్ని అడిగింది.

"ఏం చెప్పలేదమ్మా."

"మరి నీ మనసుల ఏమున్నది?"

"చెప్తె బాగుండు అనిపిస్తున్నది."

"పోలీసు కేసున్నోనికి నిన్నియ్య. వచ్చే శనివారంతోని బడి అయిపోతది. అటెంక మాటలు బంద్."

"సరే," అంది లిల్లీ. ఆ పూట అన్నం ముట్టలేదు. బిడ్డ ఎదురు తిరిగినా ఎలిశిబా అంత భయపడేది కాదు. ఆ 'సరే' ఆమె గుండెలో ముల్లులా దిగింది.

మరునాడు ఎబినేజర్ పిల్లల చేత ప్రకటన రాయించాడు. బడి ముగింపు గురించి చర్చిలో చదవడానికి ఎవరిది బాగుంటే వారిది ఇస్తానన్నాడు. పదేళ్ల కెజియా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. అయితే ఆ పిల్లకు చర్చి ప్రకటన అంటే తెలిసింది ఒక్కటే. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లు చదివి, అభ్యంతరం ఉందా అని అడుగుతారు చూడండి, అదీ. దస్తూరీ చూసి మురిసిపోయిన సారు పూర్తిగా చదవకుండానే కాగితం పాస్టరుకు పంపాడు.

ఆదివారం పాస్టరు జయానందం అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని, అలవాటైన గొంతుతో ఎత్తుకున్నారు.

"ఎబినేజర్ అనువానికిని, లిల్లీ అను కన్యకకును, వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మన హాలులో వేసవి బడి ముగింపు జరుగును. ఇందుకు ఎవరికైన అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన. వచ్చిన వారందరికి సమోసాలు ఇవ్వబడును."

సమోసాల దగ్గర గానీ అయ్యగారు తల ఎత్తలేదు. లిల్లీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మగవాళ్ల వైపు ఎబినేజర్ లేచాడు.

"పిల్ల రాసిన దాంట్ల తప్పున్నది అయ్యగారు. నేను సూసుకోలే." ఆడవాళ్ల వైపు తిరిగాడు. "అయినా అడిగిండ్రు గనుక చెప్తున్న. నాకైతే ఏ అభ్యంతరం లేదు. ఈ మాట లిల్లీ టీచర్‌కు ఎప్పుడో చెప్పాల్సింది, ధైర్యం చాలలే."

తలలన్నీ ఎలిశిబా వైపు తిరిగాయి. ఆమె లేచింది.

"నాకున్నది. పోలీసోళ్ల కాడ నీ పేరున్నదంట."

"ఉన్నదమ్మా. పొద్దుగూకంగ చాయ తాగించి ఇంటికి తోలిండ్రు. కేసు లేదు, కోర్టు లేదు."

"నా పేరు గూడ రాసుకున్నరు ఎలిశిబమ్మా," అన్నారు అయ్యగారు. "అతని పక్కకే కూసున్న."

"నాది గూడ," అన్నాడు గాయకబృందంలోని సొలొమోను. "నాది సుత," అని వెనక బెంచీ. మగవాళ్ల వైపు సగం చేతులు లేచాయి.

ఎలిశిబా ఆ చేతులను చూసింది. గుండెల మీది బండ దొర్లిపోయినట్టయింది. "ఇంత మంది దొంగల నడుమ ఇన్నేండ్ల సంది ప్రార్థన చేస్తున్ననా," అంది. నవ్వులు ఆగాక మెల్లగా అంది, "అయితే నాకు గూడ లేదు. కని శనివారం వద్దు అయ్యగారు. గీ ఎండలకు వచ్చినోళ్లు పడిపోతరు. వానలు వడ్డంక పెట్టుండ్రి."

"శనివారం పిల్లలదమ్మా," అన్నాడు ఎబినేజర్. "మనది మీరెప్పుడంటే గప్పుడు."

లిల్లీ కొంగు దించింది. పాట మొదలైంది. ఎలిశిబా కూర్చుని అలవాటుగా వెతుక్కుంది. పాట అయిపోయేదాకా ఆమెకు కొత్త భయం ఒక్కటీ దొరకలేదు.