బామ్మర్ది పట్టిన తాడు

జీపు ముందరి బంపరు విప్పి కింద పెడుతుండగా, దాని ఇనుప గొట్టంలోంచి మైనపుగుడ్డ చుట్ట ఒకటి జారి ఓబులేసు పాదం మీద పడింది.

ఓబులేసుది ఆత్మకూరులో అడవి వైపు పోయే రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు. ఆ జీపు వాళ్ళ నాయనది. యాభై ఏళ్ళ కిందట నల్లమలలో వెదురు నరికే కూపుల మధ్య దాన్ని నడిపిన ఆయన కొడుక్కు మిగిల్చిపోయిన ఆస్తి అదొక్కటే. దానికిప్పుడు వించ్ బిగిస్తున్నాడు. మోటారు తిరిగితే డ్రమ్ముకు చుట్టిన ఉక్కుతాడు బిగుసుకుంటుంది, బురదలో కూరుకుపోయిన బండి తనను తానే బయటికి లాక్కుంటుంది. ఎలాంటిది కొనాలో తేల్చమని నంద్యాల నుంచి బావ మద్దిలేటిని పిలిపించాడు. మద్దిలేటి కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాడు. అక్క సుంకులమ్మ పోయాక ఈ నాలుగేళ్ళలో ఓబులేసు ఆ ఇంటి గడప తొక్కలేదు. వెళితే వంటింట్లోంచి ఆమె గొంతు వినబడదన్న భయం. వించ్ పుణ్యమా అని మళ్ళీ బావ పక్కన కూర్చోగలిగాడు.

పొద్దున్నుంచీ ఇద్దరికీ వాదనే.

"ఆరు టన్నులది తెస్తా బావా. లాగితే కొండ కదలాల."

"కొండతో మనకేం పని? సామాన్లు, మనుషులతో కలిపి ఈ బండి టన్నున్నర. దానికి ఒకటిన్నర రెట్లు లాగేది ఉంటే చాలు. రెండున్నర టన్నులది చూడు. అంతకంటే పెద్దది పెడితే ముక్కు బరువై ముందు చక్రాలు ఇంకా దిగబడతాయి. బ్యాటరీని కూడా తాగేస్తుంది."

"మరి తాడు? ఇప్పుడు నైలాను మాదిరిది వచ్చిందంట. చేత్తో మోసుకపోవచ్చంట."

"అది మంచిదే. తెగినా అంత దెబ్బ కొట్టదు. కానీ ఈ అడవి రాళ్ళ అంచుకు ఒరుసుకుంటే ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఉక్కుదే తీసుకో. లాగేటప్పుడు పైన తడి గొంగళి వెయ్యి. తెగినా ఎగరకుండా కింద పడుతుంది."

"క్లాసు అయిపాయనా సార్?" అని నవ్వి ఓబులేసు బంపరు పని పట్టాడు. అప్పుడే ఆ చుట్ట జారింది.

విప్పి చూస్తే లోపల గుడ్డ మీద గీసిన పటం. ఒక వాగు, మూడు గుట్టలు, గుట్టల నడుమ నల్లటి చుక్క. చుట్టూ గుండ్రటి బడిపిల్ల అక్షరాలు. నాయనకు చదువు రాదు. కూతురు సుంకులమ్మ చేత రాయించుకున్నాడు. "ఇక్కడ నాకు ముల్లు గుచ్చుకొనెను." "ఇక్కడ జీపు దిగబడెను." చుక్క పక్కన: "బిలము. లోపల కాగు ఉన్నది. నాయన మూత తీసి చూసెను."

మద్దిలేటి ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. పెళ్ళయిన కొత్తలో సుంకులమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో. పదకొండేళ్ళప్పుడు నాయన వెంట పోయి, ఎప్పటి రాజులో నిధి దాచిన కాగు చూశానని. "ఒక్కసారి నన్ను తీసుకపో, మళ్ళా చూడాల" అనేది. ప్రతి వేసవికీ "పేపర్లు దిద్దడం అయిపోనీ, పోదాం" అనేవాడు. ముప్పై వేసవులూ పేపర్లు దిద్దాడు. తర్వాత ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఆ తర్వాత ఆమే లేకుండా పోయింది. ఆమెకిచ్చిన మాటల్లో అతను నిలబెట్టుకోనిది అదొక్కటే.

"ఓబులేసూ, ఆమె చూసింది నేను చూడాల," అన్నాడు.

"కాగు దొరికితే ఏం చేద్దాం బావా?"

"ముందు దారి దొరకనీ."

వించ్ బిగించిన పదో రోజున, అటవీశాఖ ఒక పగటికి ఇచ్చిన అనుమతి కాగితం పట్టుకుని తెల్లవారుతూనే బయల్దేరారు. చెంచుగూడెంలో దారి చూపడానికి ఈదన్న బండెక్కాడు. డెబ్బై దాటిన మనిషి. భుజాన గొడ్డలి, చంకలో తేనె నింపిన సొరకాయ బుర్ర. పటం అతనికి అక్కర్లేకపోయింది. మూడు గుట్టల పేరు చెప్పగానే తలూపాడు.

దారి పొడవునా అడవి తడి మీద ఉంది. వెదురు ఆకుల నుంచి చినుకులు రాలుతున్నాయి. కణుజు దుప్పి ఒకటి దారి మధ్యలో నిలబడి, జీపును సావకాశంగా చూసి, తొందర లేకుండా పొదల్లోకి తప్పుకుంది. సరిగ్గా పటంలో రాసిన చోటే జీపు ఇరుసుల దాకా బురదలో దిగబడింది.

"యాభై ఏండ్లయినా ఈ గుంత మమ్మల్ని మర్చిపోలేదు," అన్నాడు ఓబులేసు.

ఈదన్న చెట్లన్నిటినీ కలియజూసి ఒక నల్లమద్ది మీద అరచెయ్యి వేశాడు. "దీని వేరు లోతు. దీనికి కట్టు. ఆ పక్కది వద్దు, దాంట్లో తొర్ర ఉండాది."

బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పటకా చుట్టి, ఉక్కుతాడు కొక్కేన్ని దానికి తగిలించారు. మద్దిలేటి తాడు మీద తడి గొంగళి పరిచి, ఇద్దర్నీ పక్కకు జరగమన్నాడు. ఓబులేసు పొడుగు తీగ కొసనున్న మీట నొక్కాడు. తాడు బిగిసింది, మోటారు మూలిగింది, జీపు జానెడు కూడా కదల్లేదు.

"సార్ లెక్క తప్పిందే," అన్నాడు ఓబులేసు, కళ్ళు మెరుస్తుండగా.

"తప్పింది. బండిని తూచాను గానీ దాన్ని పట్టుకున్న బురదను తూచలేదు." మద్దిలేటికి కోపం రాలేదు. బల్ల మీద సుద్దతో గీసిన బొమ్మల్లో ఎప్పుడూ బురద ఉండేది కాదు. "కప్పీ తీయి. తాడును చెట్టు దగ్గర కప్పీ మీదుగా తిప్పి, కొక్కేన్ని మళ్ళీ జీపుకే తగిలించు. సగం వేగం, రెట్టింపు బలం. తాడు బాగా విప్పు, డ్రమ్ము మీద లోపలి చుట్లయితేనే లాగుడు ఎక్కువ. ఐదారు చుట్లు మాత్రం మిగలాల."

ఈసారి జీపు నెమ్మదిగా, ఈనే గేదెలాగా నిట్టూరుస్తూ పైకి వచ్చింది. ఈదన్న కప్పీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బలే ఉంది సామీ. బావి మీద చూసినా గానీ, దీనికి ఇంత బలముండాదని తెలీదు."

మధ్యాహ్నానికి ఎండిన వాగులో దిగి, దాని ఇసుక మీదుగానే గుట్టల నడుమకు చేరారు. జీపును ఒడ్డు వైపు ముక్కు పెట్టి ఆపారు. పది అడుగుల ఎత్తున బండల మధ్య ఉంది బిలం. మూడు నిలువుల లోతు, గోడకు మెట్లలాంటి పగుళ్ళు.

"వించ్ తాడు కట్టుకో బావా," అన్నాడు ఓబులేసు. "మీట నొక్కితే దిగుతావు, నొక్కితే ఎక్కుతావు."

"మనిషిని దాంతో దించకూడదు. కాలు పగులులో ఇరుక్కుంటే మోటారుకు తెలుస్తుందా? అది లాగుతానే ఉంటుంది," అని మద్దిలేటి జీపులోంచి తెచ్చిన మామూలు నైలాను తాడు చుట్ట విప్పాడు.

ఈదన్న మాట అందుకున్నాడు. "మా వాళ్ళు తేనెకు కొండ దిగేటప్పుడు తాడు బామ్మర్దే పట్టాల. అన్నదమ్ములకు కూడా ఇయ్యం. అక్క బొట్టు పోగొట్టేదానికి ఏ తమ్మునికి చెయ్యాడతాది? ఈయన నీకు ఏమైతాడు?"

"అక్క మొగుడు."

"ఇంకేం, పట్టు."

ఓబులేసు తాడు అందుకోలేదు. "మా యక్క లేదు పెద్దాయనా. పోయి నాలుగేండ్లాయ."

ఈదన్న గొడ్డలి కింద పెట్టి ఇద్దరి మొహాలూ చూశాడు. "అట్లయితే ఈ తాడుకు ఎవరూ పూచీ ల్యారు సామీ. ఎనక్కి పోదాం. నేనైతే దించను."

మద్దిలేటి ఆ తాడు కొసను నడుముకు, తొడలకు ముడివేసుకుని, రెండో కొసను దగ్గరున్న చెట్టుకు రెండు చుట్లు తిప్పి బామ్మర్ది చేతిలో పెట్టాడు. ఆ చుట్ల ఒరిపిడికి బరువులో ఎక్కువ భాగం చెట్టే మోస్తుంది. మిగిలింది ఓబులేసు చేతులది. బిలం అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాడు.

లోపల చల్లగా, గబ్బిలాల వాసన. పాదం పెట్టిన చోటల్లా పగులు సరిగ్గా అందడం వింతగా తోచింది, ఎవరో ముందే నడిచి చూపించినట్టు. కింద నేల మీద టార్చి వేశాడు. మూలన, పలక మూత పెట్టిన నల్లటి కాగు. మూత పక్కకు జరిపితే లోపల నాణేలు, ఒక వంకీ, తెగిన గొలుసు. బంగారమే. చీకట్లో ఇన్నేళ్ళున్నా వన్నె తగ్గలేదు. ఒక నాణెం చేతిలోకి తీసుకున్నాడు. ఇదేనా ఆమె చూడాలన్నది అనిపించింది. గుండె కదలకపోవడం అతనికే ఆశ్చర్యమైంది.

అప్పుడు టార్చి కాస్త పక్కకు తిరిగింది.

కాగు ముందు, ఒకప్పుడు మెత్తగా ఉన్న బంకమట్టి మీద, చిన్న పాదం ముద్ర ఒకటి. పైనుంచి కారే సున్నపు నీటి చుక్కలు దాన్ని పలచని రాతిపొరలా కప్పి గట్టిపరిచాయి. బొటనవేలి కంటే రెండో వేలు పొడుగు. ఇన్నేళ్ళు పసుపు రాసుకోగా చూసిన పాదం, ఆసుపత్రి మంచం చివర దుప్పటి కప్పుతూ చూసిన పాదం. మద్దిలేటి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాకలేదు. పిల్ల మునివేళ్ళ మీద నిలబడి కాగులోకి తొంగిచూసినట్టుంది, వేళ్ళ గుర్తులే లోతుగా దిగాయి. అంతసేపు వంగి చూసి, ఏమీ తీసుకోకుండా, నాయన మూత పెడుతుంటే చూసి వెళ్ళిపోయింది.

నెత్తి మీద నీళ్ళు పడ్డాయి. చుక్కలు కావు, ధార.

"బావా, వాన పట్టింది. పైన కొండల్లో ముందే కురిసిందంట. వాగు వస్తాంది. ఎక్కు," ఓబులేసు గొంతు బండల్లో గింగురుమంది.

మద్దిలేటి నాణేన్ని కాగులో వేసి మూత జరిపాడు. నీళ్ళు నేలంతా పరుచుకుని పాదం ముద్ర మీదుగా ప్రవహించాయి. అది చెదరలేదు. అది చూశాకే పగుళ్ళలో వేళ్ళు దూర్చాడు. నీళ్ళ ధాటికి కళ్ళు కనబడడం లేదు. సగం ఎక్కాక ఎడమ కాలు జారి, రెండు పగుళ్ళ మధ్య ఇరుక్కుంది. పైన ఈదన్న కేక వినబడింది.

"ఓబులేసూ, నీ బండి పోతాంది. పక్కకు ఒరుగుతాంది. తాడు చెట్టుకు కట్టేసి పోయి చూసుకో, నీ నాయన బండి."

మద్దిలేటి గోడకు అంటుకుపోయి ఎదురుచూశాడు. తాడు వదులు కాలేదు. వెంట్రుకవాసి కూడా జారలేదు. ఇరుక్కున్న కాలు తిరగడానికి సరిపడా చిన్న సడలింపు ఇచ్చి, కాలు బయటికి రాగానే మళ్ళీ బిగిసింది. పైనున్న చెయ్యి కింది మనిషి ఊపిరిని లెక్కపెట్టుకుంటున్నట్టుంది.

అంచు దాటి బండ మీద బోర్లా పడ్డప్పుడు అతనికి ముందు కనిపించినవి ఓబులేసు అరచేతులు. తోలు లేచి, తాడంతా ఎర్రగా ఉంది. కింద జీపు తలుపుల దాకా ఎర్రనీటిలో, ఒక పక్కకు వంగి వణుకుతోంది.

"నీ చేతులతో కాదు," అన్నాడు మద్దిలేటి. "మీట పట్టుకో చాలు."

అరవై నాలుగేళ్ళ మనిషి మొలలోతు నీళ్ళలో దిగి, చేతులకు తొడుగు వేసుకుని ఉక్కుతాడును ఒడ్డుకు ఈడ్చాడు. ఈదన్న చూపిన ఏగి చెట్టుకు పటకా చుట్టి, కప్పీ మీదుగా తాడు తిప్పి, మళ్ళీ నీళ్ళలోకి పోయి కొక్కెం జీపుకు తగిలించాడు. ఈదన్న గొంగళి విసిరాడు. ఇంజను తగులుకోలేదు, ఉన్నది బ్యాటరీ ఒక్కటే.

"కొద్దికొద్దిగా. లాగు, ఆపు, లాగు."

మోటారు మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. ముందు చక్రాలు గట్టు పట్టాయి. ఏదో కొమ్మ కొట్టుకొచ్చి వెనక బంపరును గుద్దింది. ఇంకో లాగుడుకు జీపు నీళ్ళు కారుస్తూ ఒడ్డెక్కింది. రెండు నిమిషాలకు వాగు, జీపు నిలిచిన చోట ఒక చెట్టు మొదలును దొర్లించుకుంటూ పోయింది.

వాన వెలిసింది. గడ్డి మీద మంచి ఎండ పడింది. ఈదన్న తేనె బుర్ర వంచి ఓబులేసు అరచేతుల మీద తేనె పూశాడు. ఓబులేసు పళ్ళు బిగించి ఓర్చుకున్నాడు.

"కాగు చూసినావా బావా?"

"చూశాను. అట్లే పెట్టి వచ్చాను. మీ నాయన కూడా అంతే చేసినాడు."

మద్దిలేటి ఆ తర్వాత పాదం సంగతి చెప్పాడు. మెల్లగా, ఏ వేలు ఎంత లోతుగా దిగిందో కూడా. ఓబులేసు వింటూ తల వంచుకున్నాడు. ఆమె అడవికి పోయిన ఆ రోజు అతనికి మూడేళ్ళు. వెంట తీసుకుపోలేదని ఏడ్చాడని ఆమె చెబుతుండేది.

"ఎంతుంటాది బావా, ఆ పాదం?"

మద్దిలేటి బొటనవేలు, చిటికెనవేలు బార్లా చాపి, దగ్గరికి కొద్దిగా జరిపి చూపించాడు. "ఇంత."

ఓబులేసు తేనె అంటిన తన చెయ్యిని ఆ వేళ్ళ మధ్య ఖాళీకి ఆనించి పెట్టాడు. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. మద్దిలేటి తన వేళ్ళు ముడవలేదు.