పుర్రచేతి మెలి

పిల్ల ఎడమచెయ్యి నడుముకి కట్టేసి ఉంది.

మేడ మీంచి ఆరిన బట్టలు తెస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆరేళ్ల కూతురు పలక ముందు కూర్చుని కుడిచేత్తో అక్షరాలు దిద్దుతోంది. అక్షరాలా అవి? కోడి కెలికిన గీతలు. ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు... కట్టిన గుడ్డపీలిక చూడగానే కోడలికి రక్తం సర్రున తలకెక్కింది. అది తన పీలికే. చిరిగిన దుప్పటిని సన్నగా చించి, గంజి పెట్టి, మెడదండల కోసం దాచుకున్న పీలిక.

"ఎవరు కట్టారు?"

"నేనే." అత్తగారు పేపర్లోంచి తల ఎత్తలేదు. ఏళ్ల తరబడి బళ్లో చేతిరాత నేర్పిన మనిషి. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? మీ అమ్మ నీకు కట్టి ఉంటే నువ్విలా పుర్రచెయ్యివి అయ్యేదానివి కాదు."

పుర్రచెయ్యి. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె పేరు అదే. వడ్డించబోతే గరిటె లాక్కునేవారు. తాళం తీయబోతే నవ్వేవారు. మొగుడు లారీ డ్రైవరు. ఎదురొచ్చే లారీకి జంకడు గాని, తల్లి దగ్గితే చాలు బ్రేకు వేస్తాడు. అన్నీ మింగింది. తన చేతిని ఎన్ని అన్నా పడింది. కాని ఈ చిన్న చేతిని...

ముడి లాగింది. బిగుసుకుపోయి ఉంది. విసురుగా వంటింట్లోకి వెళ్లి కత్తెర తెచ్చేసరికి వదిన దారికి అడ్డంగా నిలబడింది. మొగుడి అక్క. పక్కవీధిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఆమె మెళ్లో కోడలు చేసిన దండే ఉంది. నీలం దుప్పటి పీలికా పసుపు కర్టెన్ పీలికా మెలివేసి, మధ్యమధ్య పాత చొక్కాల గుండీలు కుట్టిన దండ.

"బట్టల దుకాణం ఆవిడ దండలు చూడ్డానికి వచ్చేసింది. బయట చెప్పులు విప్పుతోంది. ఇవన్నీ నేనే చేశానని చెప్పాను. నువ్వు మధ్యలో నోరు పెట్టకు."

"ఎందుకలా చెప్పారు వదినా?"

"పుర్రచేత్తో చేసిన దండ అంటే ఎవరైనా మెళ్లో వేసుకుంటారా? నీ మంచికే చెప్పాను."

"ముందు నా కూతురి చెయ్యి విప్పనివ్వండి."

"పది నిమిషాలు ఆగు. బయటి మనిషి ముందు అమ్మ పరువు తీస్తావా?"

అంటూనే వదిన పిల్ల భుజాల మీద ఓ తువ్వాలు కప్పి, పిల్లని నానమ్మ కుర్చీ వెనక్కి నెట్టేసింది. కోడలు ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ ఒక్క క్షణానికి తనను తాను క్షమించుకోలేకపోయింది.

దుకాణావిడ కూర్చుంది. వదిన మెళ్లోంచి తీసిచ్చిన దండ చేతిలోకి తీసుకుంది. గుండీలు తడిమింది, మెలి మీద గోరు నడిపింది.

"చాలా బావుంది. మా దుకాణంలో కుట్టుపనిలో మిగిలిన పీలికలు బస్తాలకొద్దీ పడున్నాయి. ఇది చేసిన మనిషే వచ్చి మా ఆడపిల్లలకి నేర్పాలి, అదీ నా షరతు. ఈ దండ ఇంకో నాలుగు వేళ్లు పొడుగుండాలి. ఇక్కడే పెంచి చూపించండి, ఎలా చేస్తారో నాకూ తెలుస్తుంది."

వదిన నవ్వింది. ఫోన్లో వీడియోలు చూసింది, ఆ మాత్రం రాదా అనుకుంది. చివరి ముడి విప్పి, కొత్త పీలికలు కలిపి, కుడిచేత్తో మెలిపెట్టింది. పీలికలు ఒకదాన్నొకటి పట్టుకోలేదు. గట్టిగా తిప్పింది. తిప్పిన కొద్దీ పాత మెలి కూడా నోరు తెరిచింది. ఇంకా గట్టిగా తిప్పింది. దండ సగం దాకా విచ్చుకుంది. వదులైన గుండీ ఒకటి ఊడి, నేల మీద దొర్లి, కోడలి కాలి దగ్గర ఆగింది.

"గుడ్డ నాసిరకం అండీ," అంది వదిన నుదురు తుడుచుకుంటూ.

"గుడ్డ మీదేగా?" అంది దుకాణావిడ.

కోడలు గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. వదిన కళ్లు ఆమె కోసం వెతికాయి. "మరదలా, ఓసారి ఈ కొస పట్టుకోవా?"

"నాది పుర్రచెయ్యి వదినా. ఎవరూ వేసుకోరేమో."

అప్పుడు కుర్చీ వెనకనుంచి చిన్న గొంతు. "అత్తా, అటు కాదు. అటు తిప్పితే ఊడిపోతుంది."

"నువ్వు నోర్ముయ్."

"ఎటు తిప్పాలమ్మా?" అంది దుకాణావిడ. "ఇలా వచ్చి చూపించు."

పిల్ల వచ్చింది. తువ్వాలు జారిపోయింది. కుడిచేత్తో పీలికలు పట్టుకుని తంటాలు పడింది, కుదరలేదు. వెనక్కి తిరిగి చూసింది.

"నానమ్మా, చెయ్యి విప్పు. ఈ చేతికి రాదు."

దుకాణావిడ చూపు ఆ కట్టు మీద పడింది. "పిల్లకి దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదండీ." కోడలు ముందుకొచ్చింది. "ఎడమచెయ్యి. మా ఇంట్లో అది నేరం. మీరు మెచ్చుకున్న ఆ దండ ఆ నేరం చేసిన చేత్తోనే చేశాను. నా మెలి ఎదురు తిరుగుతుంది. అందుకే మా వదిన చేతిలో ఊడిపోయింది." అత్తగారి వైపు తిరిగింది. "నన్నేమన్నా పడ్డాను అత్తయ్యా. గరిటె లాక్కున్నారు, ఇచ్చేశాను. పేరు మార్చారు, పలికాను. దాని చెయ్యి కట్టడానికి మీకు నా పీలికే దొరికిందా? మీరే కట్టారు, మీరే కొయ్యండి." కత్తెర చాపింది.

అత్తగారు కత్తెర వైపు చూశారు, పిల్ల వైపు చూశారు. "మంచి పీలిక. కొయ్యడమెందుకు," అన్నారు మెల్లగా. కుర్చీ దిగి నేల మీద కూర్చుని గోళ్లతో ముడి విప్పసాగారు. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. మణికట్టు మీద ఎర్రటి చార చూసి ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. "బళ్లో కూడా ఇలాగే కట్టేదాన్ని... ఎంతమందికి కట్టానో," అన్నారు, ఎవరితో అన్నారో తెలియదు.

పిల్ల చెయ్యి విదిలించుకుంది, ఎడమచేత్తో తిప్పింది. విచ్చుకున్న దండ పాములా చుట్టుకుని బిగిసింది.

"రేపు దుకాణానికి రండి," అంది దుకాణావిడ, కోడలితో. "దండల మీద ఏం పేరు వేయమంటారు?"

"మా పార్లర్..." అని మొదలెట్టిన వదిన, తల్లి చూపు చూసి నోరు మూసుకుంది.

"పుర్రచెయ్యి అని వేయండి," అంది కోడలు.

అతిథి వెళ్లిపోయింది. వదిన చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది. సాయంత్రం కోడలు పిల్ల చెయ్యి కట్టిన ఆ పీలికనే తీసుకుని, ఎప్పటిలాగే ఒక కొస తలుపు గడియకు తగిలించి మెలి మొదలుపెట్టింది. అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"గడియ ఊగుతోంది. ఇలా ఇవ్వు." కొస తీసి, తన రెండు చేతులతో పట్టుకున్నారు.

క్షమించానన్న మాట కోడలి నోటికి రాలేదు, రప్పించనూ లేదు. ఎడమచేత్తో తిప్పింది, ఇంకా తిప్పింది. పీలిక బిగిసి అత్తగారి వేళ్లు కోసుకునేంతగా లాగింది.

"గట్టిగా లాగుతున్నావే."

"కోపంగా ఉన్నాను అత్తయ్యా."

"తెలుస్తూనే ఉంది," అన్నారు ఆవిడ, కొస వదలకుండా. "తిప్పు."