తరళ పలికిన మేలుకొలుపు

కుంతలగిరి రాజ్యంలో నదులు ఎండిపోయాయి. ఉత్తరాన కొండగుహలో చేరిన మరుదంష్ట్రుడనే రాక్షసుడు ఊటలన్నీ పీల్చేస్తున్నాడు. మంత్రవేత్త జ్వాలాంబ వాడిపై మంటలు కురిపించింది. ఇసుక ఒళ్లున్న ఆ రాక్షసుడు మంట తగిలినకొద్దీ పెరిగాడే తప్ప తగ్గలేదు. చివరికి ఆమే చేతులు కాల్చుకుని ఇల్లు చేరింది.

ఆమె వంశంలో తల్లి నుంచి బిడ్డకు వచ్చే మంత్రం ఒకటే: "మేలుకో." జ్వాలాంబ అలా అంటే అరచేతిలో మంట లేచేది. కూతురు తరళ అంటే రవ్వైనా వచ్చేది కాదు. ఆ పిల్ల సిగ్గుతో కుంగిపోయేది. అయినా, దాహంతో ఊరు అల్లాడిపోతుంటే చూడలేక రాక్షసుడి గుహకు అడవిదారి పట్టింది.

లోయ అడ్డం వచ్చింది. గట్టున ఎండిన తీగ వేలాడుతోంది. తరళ దిక్కుతోచక "మేలుకో" అంది. తీగ చిగురించి అవతలి గట్టుకు పాకి వంతెనైంది. అవతల ఒక రాతిపక్షి కూర్చుని ఉంది. తరళ అదే మాట అనగానే, అది రెక్కలు విదిల్చి ఆమెను కొండపైకి మోసుకుపోయింది.

శిఖరాన ఒక ముసలి ముని కనిపించాడు.

"తాతా, నా మంత్రానికి తీగ పాకింది, రాయి ఎగిరింది. మంట మాత్రం రాదేం?" అని అడిగింది తరళ.

"మాట ఒకటేనమ్మా! విన్నది ఏదైనా తన స్వభావం కొద్దీ పలుకుతుంది. మీ అమ్మలో నిప్పుంది. నీలో ఏముందో ఎప్పుడైనా అడిగి చూశావా?"

తరళ మునికి దణ్ణం పెట్టి కదిలింది. ఆ ఆలోచనతోనే గుహ చేరింది.

"జ్వాలాంబ కూతురివా? మంట వెయ్యి, ఇంకా పెరుగుతా!" రాక్షసుడు పగలబడి నవ్వాడు.

తరళ కళ్లు మూసుకుని, మంట కోసం వెతకడం మానేసి, తనలోకే చూసుకుంటూ "మేలుకో" అంది. అరచేతుల్లో చల్లదనం పుట్టింది. క్షణంలో నీరు చిమ్మింది. ఎంత పీల్చినా తరగని ఆ నీటికి రాక్షసుడు తడిసిన ఇసుక గుట్టలా కుప్పకూలాడు. వాడు మింగిన ఊటలన్నీ ఉరకలేస్తూ బయటపడ్డాయి.

తరళ నదితో పాటే ఊరు చేరింది. జ్వాలాంబ కూతురి తడి చేతుల్ని తన కాలిన చేతుల్లోకి తీసుకుంది.

"నీలా మంట వెయ్యలేకపోయానమ్మా."

"నువ్వూ వేసుంటే మనమంతా ఏమైపోయేవాళ్లమే, తల్లీ!"

రాజు తరళను రాజ్యంలోని నదులన్నిటికీ రక్షకురాలిగా నియమించాడు. ఆమె ఉన్నంతకాలం కుంతలగిరిలో కరువు మాట వినబడలేదు.